ఇల్లు తనఖా పెట్టిన అప్పు: బాధ్యత ఎవరిది?

గ్రామవాసికి ఇల్లనగా నాలుగు గోడలు, ఒక పైకప్పు మాత్రమే కాదు. కుటుంబము యొక్క పరువు, బిడ్డల భవిష్యత్తు, వృద్ధుల విశ్రాంతి దానితో ముడివడి యున్నవి. అట్టి ఇంటిని కట్టుకొనుటకో, బాగుచేయుటకో, లేక ఉన్న ఇంటినే తనఖా యుంచి మరియొక అవసరము గడుపుకొనుటకో అప్పుచేయుట నేడు పల్లెలలో సామాన్యమైనది. కంతులు సక్రమముగా చెల్లుచున్నంత కాలము ఎవరును ఎవరినీ ప్రశ్నింపరు. కంతులు తప్పి, గోడకు నోటీసు అంటించిననాడు ఊరిలో ఒక ప్రశ్న పుట్టును: ఈ తప్పు ఎవరిది?

తాహతుకు మించి అప్పుచేసిన వానిదేనని కొందరందురు. తీర్చలేడని తెలిసియు ఇచ్చిన వానిదని మరికొందరందురు. హామీ సంతకము చేసిన పెద్దమనిషి ఏమి చేయుచుండెనని ఇంకొకరందురు. రచ్చబండ మీద ఈ వాదము తెగదు. తుదకు అది పంచాయతీ సభ్యుని గుమ్మము వద్దకే వచ్చును. కావున ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పరిస్థితులను దృష్టియందుంచుకొని, ఇట్టి అప్పులలో ఎవరి బాధ్యత ఎంతవరకు గలదో, చట్టము ఏమి చెప్పుచున్నదో, సభ్యులు చేయదగినదేమో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

పాత అనుభవము

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు బళ్లారి జిల్లాలో నుండెను. 1876-78 నాటి గొప్ప కరవులో మిక్కిలి నష్టపోయిన జిల్లాలలో బళ్లారి యొకటి. కరవు వెనుక అప్పు, అప్పు వెనుక ఆస్తి నష్టము నడచివచ్చుట ఈ సీమకు తరతరాల అనుభవము. ఆ కాలముననే, 1875లో, పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు వడ్డీవ్యాపారుల ఇండ్లపై బడి అప్పుపత్రములను తగులబెట్టిరి. తత్ఫలితముగా 1879లో దక్కను రైతుల సహాయ చట్టము వచ్చెను. అప్పు తీర్చు బాధ్యత ఋణగ్రస్తునిదే యైనను, ఇచ్చువాని పద్ధతిని గూడ విచారింపవలెనను భావము ఆనాడు చట్టములో ప్రవేశించినది.

మద్రాసు రాజధానిలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలు సహకార పరపతికి దారి చూపినవి. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చినప్పుడు, అసలుకు రెండింతలు చెల్లించియున్న పాత బాకీ పూర్తిగా తీరినట్లే భావింపవలెనని విధించిరి. ఆ సంవత్సరమే ఎమ్మిగనూరులో శ్రీ మాచాని సోమప్పగారి కృషివలన చేనేత సహకార సంఘము వెలసినది. నేతగాడు నూలుకొరకును, కూటికొరకును షావుకారుకు ఋణపడి యుండవలసిన దుస్థితిని తొలగించుటయే ఇట్టి సంఘముల పరమార్థము. శ్రీ సోమప్పగారికి 1954లో పద్మశ్రీ బిరుదము లభించినది.

అయినను ఆ రోజులలో సహకార సంఘముల చేయి ఎంత పొట్టిదో ఒక లెక్క తెలుపును. 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారము రైతులు తెచ్చుకొన్న అప్పులో సుమారు 70 వంతులు వడ్డీవ్యాపారులదే. సహకార సంఘములది నూటికి 3 వంతులు మాత్రమే. అప్పటికిని ఇప్పటికిని పరిస్థితి చాల మారినది. బ్యాంకులు గ్రామములకు వచ్చినవి. కాని అప్పు దొరకుట సులభమైనంత మాత్రమున తీర్చుట సులభము కాలేదు.

కంతు నెలకు, రాబడి ఏటికి

గృహఋణమునకు కంతు నెలనెలా చెల్లింపవలెను. జీతగానికి ఇది సరిపోవును. ఆదోని ప్రాంతపు రైతుకు ప్రత్తి, వేరుశనగ చేతికివచ్చి అమ్ముడుపోయిననాడే రొక్కము కనబడును. తుంగభద్ర దిగువ కాలువ నీరు కొన్ని గ్రామములకే పరిమితము. మిగిలిన పొలములు వానకై ఆకాశమును చూడవలసినవే. వాన తప్పిన ఏట కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి సుగ్గికి బయలుదేరును; గుంటూరు మిరపతోటలకో, బెంగుళూరు కట్టడపు పనులకో పోవును. నేతగానికి మగ్గముపై పని యున్న నెలలో రాబడి, లేని నెలలో పస్తు. ఇట్టి వారి రాబడికిని నెలసరి కంతునకును పొత్తు కుదురుట కష్టము. ఎగవేత అనునది అనేక పర్యాయములు దుర్బుద్ధి వలన గాక, ఈ పొత్తు కుదరనందువలననే కలుగుచున్నది.

ఒక లెక్క చూతము. 5 లక్షల రూపాయలు నూటికి 10 రూపాయల వార్షిక వడ్డీపై 15 ఏండ్లకు తీసికొన్నచో నెలసరి కంతు సుమారు 5,373 రూపాయలగును. పదునైదేండ్లలో చెల్లించునది మొత్తము సుమారు 9 లక్షల 67 వేలు. మొదటి నెల కంతులో 4,167 రూపాయలు వడ్డీకే పోవును. అసలులో తగ్గునది 1,206 రూపాయలు మాత్రమే. మొదటి సంవత్సరమంతయు 64 వేలకు పైగా కట్టినను అసలు 15 వేల చిల్లరయే తగ్గును. ఈ సంగతి ముందుగా తెలియని వాడు ఏడాది తరువాత బాకీ పట్టిక చూచి, బ్యాంకువారు మోసగించిరని తలచును. మోసము లేదు, లెక్క చెప్పినవారే లేరు.

ప్రైవేటు అప్పు సంగతి ఇంతకంటె కఠినము. మూడు రూపాయల వడ్డీ అని ఊరిలో తేలికగా చెప్పుకొందురు. నెలకు నూటికి మూడు రూపాయలనగా ఏటికి 36 రూపాయలు. లక్ష రూపాయల అప్పుకు నెలకు 3,000 వడ్డీ. మూడేండ్లలో 1,08,000 వడ్డీ కట్టినను అసలు లక్షయు అట్లే యుండును.

ఋణగ్రస్తుని బాధ్యత

తీసికొన్న అప్పును తీర్చు మొదటి బాధ్యత తీసికొన్న వానిదే. దీనిలో సందేహము లేదు. రాబడిని ఎక్కువచేసి చూపుట, ఒకే ఇంటిపై రెండుచోట్ల అప్పు తెచ్చుట, ఇంటికని తెచ్చి పెండ్లికో బోరుబావికో ఖర్చుచేయుట, ఇతరుల పేరిట అప్పు తీసి ఇచ్చుట, ఇవి యన్నియు తన ఇంటికి తానే నిప్పుపెట్టుకొనుట వంటివి. అప్పునకు ముందు రాబడి తక్కువైన ఏటి లెక్కను చూచుకొనవలెను. మంచి ఏటి లెక్కను కాదు. కరవు ఏట గూడ కట్టగల కంతు ఎంతయో అంతే అప్పు మంచిది.

ఇంకొక ముఖ్య విషయము. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము, వ్యవసాయదారుడు గాని కూలివాడు గాని తాను నివసించుచున్న సొంత ఇంటిని, కేవలము నోటు బాకీకై పొందిన డిక్రీ క్రింద జప్తు చేయరాదు. ఇది పేదవాని గూటికి చట్టము కల్పించిన గొప్ప రక్షణ. అయితే ఆ ఇంటినే తనఖా వ్రాసి యిచ్చినచో, ఆ తనఖా బాకీ విషయమున ఈ రక్షణ వర్తింపదు. కావున ఇంటిని తనఖా పెట్టువాడు కాగితముపై సంతకము మాత్రమే చేయుట లేదు. తన నెత్తిపై నున్న గొడుగును తీసి ఎదుటివాని చేతికిచ్చుచున్నాడు. ఈ మాటను ఇంటి ఆడవారికిని, ఎదిగిన బిడ్డలకును తెలిపి, అందరు కలిసి నిర్ణయించుకొనుట ఉత్తమము.

ఋణదాత బాధ్యత

ఇచ్చువాని బాధ్యత ఇచ్చుటతో తీరదు. అడిగినవాని రాబడి ఎంత, ఇతర బాకీలెన్ని, ఇల్లు ఎవరి పేరిట నున్నది, ఆ రాబడి ఏ నెలలలో వచ్చును అను విచారణ చేయుట ఋణదాత ధర్మము. ఈ ధర్మము విడిచిన ఫలితమును 2007, 2008 సంవత్సరములలో ప్రపంచమంతయు చూచినది. అమెరికాలో తీర్చగల శక్తి విచారింపకయే లక్షల మందికి గృహఋణము లిచ్చిరి. ఇచ్చినవారు ఆ పత్రములను ఇతరులకు అమ్మివేసి తమ లాభము తాము తీసికొనిరి. నష్టము తమకు రాదనుకొన్నచోట జాగ్రత్త యుండదు. ఇండ్ల ధరలు పడినంతనే బాకీలు మొండివైనవి; 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అను పెద్ద సంస్థ దివాలా తీసెను. ఆ దేశము నియమించిన విచారణ సంఘము 2011 జనవరిలో నివేదిక నిచ్చుచు, ఆ సంక్షోభము నివారింపదగినదే యని తేల్చి, ఋణదాతలను, పర్యవేక్షించవలసిన అధికారులను గట్టిగా తప్పుపట్టినది. 2010లోనే అచ్చట చేసిన చట్టము, ఇంటి అప్పు ఇచ్చుటకు పూర్వము తీర్చు శక్తిని పరిశీలించుట ఋణదాత విధియని శాసించినది.

మన దేశమున రిజర్వు బ్యాంకు ఇట్టి హద్దులను కొన్నిటిని ఏర్పరచియున్నది. 30 లక్షల లోపు గృహఋణము ఇంటి విలువలో నూటికి 90 వంతులు మించరాదు. మిగిలినది కట్టుకొనువాడు సొంతముగా పెట్టవలెను. వ్యక్తులు మారు వడ్డీపై తీసికొన్న గృహఋణమును గడువుకు ముందే తీర్చినచో బ్యాంకు అపరాధ రుసుము వసూలు చేయరాదు. బాకీ పూర్తిగా తీరిన 30 దినములలోగా ఇంటి పత్రములను తిరిగి ఇయ్యవలెను. తమ తప్పువలన ఆలస్యమైన ప్రతి దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహార మీయవలెను. ఈ నియమము 2023 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది.

చిన్న ఋణ సంస్థల విషయమున మన రాష్ట్రము 2010 అక్టోబరులో ఆర్డినెన్సును, పిమ్మట 2011లో చట్టమును చేసినది. వసూళ్లలోని ఒత్తిడియే అందులకు కారణము. 2022లో రిజర్వు బ్యాంకు చేసిన నియమముల ప్రకారము, ఏటికి 3 లక్షల వరకు రాబడిగల కుటుంబమునకు ఇచ్చు సూక్ష్మఋణమునకు ఎట్టి తాకట్టును కోరరాదు. నెలవారీ కంతులన్నియు కలిసి కుటుంబపు నెల రాబడిలో సగము మించరాదు. కావున సూక్ష్మఋణమునకై ఇంటి పత్రములు అడిగినచో, ఆ అడుగుటయే నియమ విరుద్ధము.

హామీదారుడు, సాక్షి

పంచాయతీ సభ్యులకు ఊరిలో గౌరవము కలదు. కావున హామీ సంతకమునకు మొదట వారినే పిలుతురు. మాటకాదనలేక సంతకము చేయువారు చట్టమును తెలిసికొనవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొన్ననే తప్ప, హామీదారుని బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము. ముందు అతనిని అడిగి, అతని ఆస్తి అమ్మి, తరువాతనే నా వద్దకు రమ్మని హామీదారుడు అనుటకు వీలులేదని సుప్రీంకోర్టు 1968లోనే తీర్పు చెప్పినది.

అయితే హామీదారునకు హక్కులును కలవు. అతడు బాకీ తీర్చినచో ఋణదాతకుండిన హక్కులు, తనఖాలు అతనికి సంక్రమించును. కట్టిన సొమ్మును ఋణగ్రస్తుని నుండి రాబట్టుకొనవచ్చును. ఋణదాత తన చేతనున్న తాకట్టును హామీదారుని సమ్మతి లేక వదలుకొన్నచో, ఆ మేరకు హామీదారుని బాధ్యత తగ్గును.

సాక్షి సంతకము వేరు. దస్తావేజుపై సాక్షిగా వ్రాలు చేసినవాడు, సంతకము జరిగినదని చెప్పువాడే గాని, బాకీకి జవాబుదారుడు కాడు. కావున సంతకము చేయుటకు ముందు, ఇది సాక్షి గడియా, హామీ గడియా యని చదివి చూచుకొనవలెను. చదువరాని వారికి చదివి వినిపించుట సభ్యుల విధి.

క్రయపత్రమను ఉచ్చు

మేము ఈ వ్యాసములో మిక్కిలి నొక్కి చెప్పదలచిన విషయ మిది. తనఖాకు బదులుగా క్రయపత్రమునే వ్రాయించుకొను పద్ధతి ప్రైవేటు అప్పులలో కలదు. సొమ్ము కట్టిననాడు ఇల్లు తిరిగి వ్రాసి యిత్తునని షావుకారు నోటిమాట చెప్పును. ఋణగ్రస్తుడు నమ్మి రిజిస్ట్రారు ఎదుట సంతకము చేయును. తరువాత ధర పెరిగిననాడు నోటిమాట మాయమగును.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 58వ సెక్షను ఈ విషయమున స్పష్టముగా నున్నది. షరతుతో కూడిన విక్రయమును తనఖాగా భావింపవలెనన్నచో, ఆ షరతు అదే క్రయపత్రములో వ్రాయబడి యుండవలెను. వేరు కాగితముపై వ్రాసికొన్నను, నోటితో చెప్పుకొన్నను, ఆ వ్యవహారము ఈ విధమైన తనఖా అనిపించుకొనదు. తనఖాయే యైనచో, బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకొను హక్కు 60వ సెక్షను క్రింద నుండును. ఆ హక్కుకై దావా వేయుటకు 30 ఏండ్ల గడువు గలదు. విక్రయమైనచో ఆ హక్కే లేదు. ఒక్క కాగితము పేరు మారినందువలన ముప్పది ఏండ్ల హక్కు ఒక్క దినములో పోవుచున్నది.

భోగ్యమునకు ఇంటిని ఇచ్చునప్పుడును, సాధారణ తనఖా వ్రాయునప్పుడును నూరు రూపాయలకు మించిన బాకీకి రిజిస్టరు దస్తావేజు ఉండవలెను; తనఖా దస్తావేజుపై కనీసము ఇద్దరు సాక్షులుండవలెను. ఖాళీ ప్రామిసరీ నోటుపైగాని, ఖాళీ స్టాంపు కాగితముపైగాని సంతకము చేయుట ఎంతమాత్రమును తగదు.

ప్రభుత్వము ఇచ్చిన నివేశన స్థలముల విషయము వేరు. 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టము ప్రకారము వీనిని ప్రైవేటు వ్యక్తులకు తనఖా పెట్టుట చెల్లదు. ప్రభుత్వమునకు, సహకార సంఘములకు, షెడ్యూల్డు బ్యాంకులకు పెట్టిన తనఖాలకు మాత్రము మినహాయింపు గలదు. తరువాతి సంవత్సరములలో ఈ చట్టమునకు సవరణలు వచ్చినందున, తమ పట్టా సంగతిని తహసీల్దారు కార్యాలయములో విచారించి తెలిసికొనవలెను.

గ్రామకంఠములోని ఇండ్లకు తరతరాలుగా పత్రములు లేకుండుట మరియొక చిక్కు. ఇంటిపన్ను రశీదు ఆ ఇంటిలో ఎవరున్నారో చూపునే గాని, యాజమాన్యమును నిర్ధారింపదు. పత్రము లేనందున బ్యాంకు తలుపు మూయబడి, పేదవాడు అధికవడ్డీవాని వద్దకు పోవుచున్నాడు. ఈ లోపమును సవరించుటకే 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించి, డ్రోనులతో గ్రామ నివాసస్థలములను కొలిపించి ఆస్తి కార్డులు ఇచ్చు పని చేపట్టినది. సర్వే బృందము ఊరికి వచ్చినప్పుడు హద్దులు సరిగా చూపించుట, తప్పులున్న గడువులోగా చెప్పుట గ్రామము బాధ్యత.

ప్రభుత్వ గృహఋణముల పాఠము

1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ బలహీన వర్గముల ఇండ్లకు కొంత సబ్సిడీగాను, కొంత ఋణముగాను సొమ్ము ఇచ్చుచు వచ్చినది. లక్షలాది ఇండ్లు లేచినవి. ఇది గొప్ప మేలు. కాని లబ్ధిదారులలో అనేకులు అంతయు ఉచితమే యని తలచిరి. ఏది ఉచితమో, ఏది బాకీయో విడమరచి చెప్పిన చోట్లు తక్కువ. వసూలు పట్టుదలతో జరుగలేదు. సంవత్సరములు గడచినకొలది వడ్డీ పెరిగినది; ఇల్లు కట్టుకొన్నవాడు దానిని చట్టబద్ధముగా అమ్ముకొనలేక, బ్యాంకులో తనఖా పెట్టుకొనలేక యుండిపోయెను.

ఈ చిక్కు విడదీయుటకు 2021 డిసెంబరు 21న తణుకులో ఒక పథకము ప్రారంభమైనది. దానిక్రింద 1983 నుండి 2011 ఆగస్టు 15 వరకు గృహనిర్మాణ సంస్థవద్ద అప్పు తీసికొన్నవారు గ్రామములలో 10,000, పురపాలక సంఘములలో 15,000, నగరపాలక సంస్థలలో 20,000 రూపాయలు ఒక్కసారిగా చెల్లించిన, మిగిలిన బాకీ మాఫీ యగునట్లు ఏర్పాటు చేసిరి. బాకీ అంతకంటె తక్కువైనచో ఆ తక్కువయే చెల్లింపవలెను. ఆదోని, ఎమ్మిగనూరు పురపాలక సంఘములైనందున అచ్చటివారికి 15,000 రూపాయల రేటు వర్తించెను. చేరుట స్వచ్ఛందమని ప్రభుత్వము ప్రకటించినది.

దీనినుండి నేర్వదగిన పాఠ మొకటి గలదు. వసూలు కాని బాకీని తుదకు ప్రజాధనమే భరించినది. నియమము తప్పక కట్టినవానికిని, కట్టనివానికిని ఒకే ఫలము దక్కినచో, కట్టినవాని మనస్సు నొచ్చును. కావున ఇచ్చునప్పుడే ఋణమని స్పష్టముగా చెప్పుట ఇచ్చు శాఖ బాధ్యత. తీసికొనునప్పుడే తెలిసికొనుట లబ్ధిదారుని బాధ్యత. ఎవరును అడుగరులే యని చెప్పి మభ్యపెట్టకుండుట గ్రామ పెద్దల బాధ్యత. తమ ఇంటిపై పాత బాకీ యున్నదో లేదో తెలియనివారు గృహనిర్మాణ శాఖ కార్యాలయములో విచారించి ప్రస్తుత స్థితిని వ్రాతమూలకముగా పొందుట మంచిది.

కంతు తప్పినచో

కంతు తప్పినవాడు సాధారణముగా చేయు పొరపాటు బ్యాంకు ముఖము చూడకుండుట. దాగినకొలది బాకీ పెరుగును. వాన తప్పినదని, మగ్గము ఆగినదని, రోగము వచ్చినదని ముందే వ్రాతపూర్వకముగా తెలిపినచో, గడువు పెంచుటకో కంతు తగ్గించుటకో అవకాశముండును.

90 దినములు బాకీ నిలిచినచో బ్యాంకు దానిని మొండిబాకీగా లెక్కించును. అటుపై 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద 60 దినముల నోటీసు ఇచ్చును. ఆ నోటీసుకు ఋణగ్రస్తుడు అభ్యంతరము వ్రాసి పంపవచ్చును. బ్యాంకు 15 దినములలో కారణములతో జవాబు చెప్పవలెను. 60 దినములు గడచిన పిదప బ్యాంకు కోర్టుకు పోకయే ఇంటిని స్వాధీనము చేసికొనగలదు. ఆ చర్యపై 45 దినములలోగా ఋణవసూలు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసికొనవచ్చును. 2016 సవరణ తరువాత, వేలపు ప్రకటన వెలువడుటకు పూర్వమే బాకీయంతయు కట్టి ఇల్లు విడిపించుకొనవలెను. ప్రకటన వెలువడినచో ఆ అవకాశము చేజారును. కావున నోటీసును పెట్టెలో దాచుటకంటె హానికరమైనది లేదు.

వేలములో బాకీకి మించి వచ్చిన సొమ్ము ఇంటివానిదే. తక్కువ వచ్చినచో మిగిలిన బాకీని బ్యాంకు అతనినుండియే రాబట్టవచ్చును. ఇల్లు పోయినంత మాత్రమున అప్పు తీరినట్లు కాదు. వ్యవసాయ భూమిపై తనఖాకును, లక్షరూపాయలు మించని బాకీకిని, అసలు వడ్డీలలో నూటికి 20 వంతులకంటె తక్కువ మిగిలియున్న బాకీకిని ఈ చట్టము వర్తింపదు.

ఋణగ్రస్తుడు మరణించినచో అతని వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే జవాబుదారులు. తమ సొంత కష్టార్జితమునుండి కట్టనక్కర లేదు. అయితే తనఖా ఇంటిపై నిలిచియే యుండును. భర్త చనిపోయిన స్త్రీని ఈ విషయమున భయపెట్టువారికి సభ్యులు సరియైన సమాధానము చెప్పగలిగి యుండవలెను. వసూలుకు వచ్చు ఏజెంట్లు ఉదయము 8 గంటలకు ముందుగాని, సాయంత్రము 7 గంటల తరువాతగాని ఫోను చేసి వేధింపరాదని రిజర్వు బ్యాంకు శాసించినది.

సభ్యులు చేయదగిన పనులు

1. గ్రామసభలో ఏటికొకసారియైనను గృహఋణముల గురించి చర్చ పెట్టి, బ్యాంకు అధికారిని పిలిపించి కంతు లెక్కను అందరికి అర్థమగునట్లు చెప్పించవలెను. రైతులకు పంటల కాలమును బట్టి కంతులు నిర్ణయించుమని కోరవలెను.

2. ఇంటి అప్పుకు ముందు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, అనగా ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను తెలుపు పత్రమును తీయించి చూడుమని చెప్పవలెను.

3. అప్పుకు హామీగా క్రయపత్రము వ్రాయుచున్నారని తెలిసిననాడు, సంతకమునకు పూర్వమే ఇరువురిని పిలిచి, తనఖా దస్తావేజు వ్రాయించుటకు నచ్చచెప్పవలెను. సంతకము తరువాత చెప్పు హితవు వృథా.

4. పంచాయతీ ఇచ్చు ధ్రువపత్రములలో నిజము మాత్రమే వ్రాయవలెను. మొగమాటమునకై ఒకరి ఇంటిని మరొకరి పేర చూపుట ఊరికంతకు చెరుపు.

5. సుగ్గికి పోవు కుటుంబముల నోటీసులు తాళమువేసిన తలుపులకే అంటుకొని మిగులకుండునట్లు చూడవలెను. నోటీసు వచ్చిన సంగతి ఫోనుద్వారా వారికి చేరవేయుట చిన్న పని; దానివలన ఒక ఇల్లు నిలువవచ్చును.

6. తగవు ముదిరినచో న్యాయసేవా కమిటీని ఆశ్రయింపవలెను. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, అల్పాదాయము గలవారికి ఉచిత న్యాయసహాయము లభించును. లోక్ అదాలతులో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము. బ్యాంకుపై ఫిర్యాదు మొదట ఆ బ్యాంకుకే వ్రాసి, 30 దినములలో జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఉచితముగా పంపవచ్చును.

ముగింపు

బాధ్యత ఎవరిదను ప్రశ్నకు ఒక్కరి పేరు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. తెలిసి తీసికొని కట్టగలిగియు కట్టనివాడు దోషి. తీర్చలేడని తెలిసియు ఇంటిపై కన్నువేసి ఇచ్చినవాడు అంతకంటె దోషి. చదువక సంతకము చేసిన హామీదారుడు తన అజాగ్రత్తకు మూల్యము చెల్లించును. విచారింపక ఇచ్చిన సంస్థ తన నష్టమును తానే కొనితెచ్చుకొనును. వాన తప్పి, పంట ఎండి, చేతులు జోడించి నిలిచినవాడు మాత్రము దోషి కాడు. అతనికి గడువు కావలెను, సలహా కావలెను, తోడు కావలెను.

ఆ తోడు మొదట లభింపవలసిన చోటు గ్రామ పంచాయతీ. ఎమ్మిగనూరు నేతగాండ్రు 1938లో ఒక్కటై సంఘము కట్టి, ఒంటరివానికి లేని బలము పదిమందికి కలదని చూపిరి. అప్పు విషయమునను అదియే మార్గము. సంతకమునకు ముందు ఒక్క గడియ కూర్చుండి కాగితము చదివించు అలవాటు ప్రతి గ్రామములో ఏర్పడినచో, వేలము డప్పు విననవసరము లేని ఇండ్లు అనేకము మిగులును.